కొర్లయ్య రెండు మునకలు

భావనపాడు ఒడ్డున తెప్ప మీద చేపల వేటకెళ్లి బతికే కొర్లయ్యకు జనాన్ని నవ్వించడం వచ్చు, మాటివ్వడమే రాదు. అతడి భార్య పోలమ్మ క్రీస్తును నమ్మి బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. "నువ్వెప్పుడు?" అని ఆమె అడిగితే, "అంతా ఆయన కృపేనంటావు గదా, కావాలంటే ఆయనే లాక్కెల్తాడు" అని చాప మీద వాలిపోయేవాడు.

1913 వేసవిలో ఒక మధ్యాహ్నం పోలమ్మ అంబలి ముంత అతడి ముందు పెట్టింది. "ముంతలో నాను పోసినాను. నోట్లో ఎవులు పోత్తారు? అదీ ఆయనేనా?"

కొర్లయ్య పకపకా నవ్వాడు. కానీ ఆ మాట మనసులోంచి పోలేదు. మర్నాడే టెక్కలి నడిచి వెళ్లి పాస్టరు జకరయ్యగారిని కలిశాడు.

ఆదివారం బాప్తిస్మం కోసం పాస్టరూ అతడూ సముద్రంలో నడుములోతున నిలబడ్డారు.

"నీ ఇష్టంతోనే వచ్చావా?" అని పాస్టరు అడిగారు. కొర్లయ్య నోరు తెరిచేలోగా పెద్ద కెరటం వచ్చి ఇద్దరినీ ముంచేసింది. ఒడ్డున జనం ఘొల్లున నవ్వారు.

"అయ్యగోరూ, నా జవాబు కోసం ఆయన ఆగనేదు!" అన్నాడు కొర్లయ్య, ఉప్పునీళ్లు ఉమ్ముతూ.

"అయినా నువ్వు చెప్పాలి."

కొర్లయ్య నవ్వు ఆగిపోయింది. "నా ఇట్టంతోనే వచ్చినాను." పాస్టరు అతణ్ణి మళ్లీ ముంచారు.

ఆ తర్వాత చేపలమ్మిన ప్రతి ఊళ్లోనూ అతడు ఈ సంగతి చెప్పేవాడు. "మొదటి మునక ఆయన కృప, రెండోది నా ఇట్టం."

"ఆ ఇట్టం నీకెవులిచ్చినారేటి?" అనేది పక్కనున్న పోలమ్మ.

ఇద్దరూ నవ్వుకుంటూ చేపల తట్టలెత్తుకుని పక్క వీధికి నడిచేవారు.