గట్టు దగ్గరి దీపం

ఇరవై ఏళ్లు దాటింది ఈ బరువు మోయబట్టి. సింగపూర్ టోవా పాయోలో ఫ్లాట్ మారినప్పుడల్లా పాత సామాన్లు పారేశాను. దీన్ని పారేసే చోటు మాత్రం దొరకలేదు. కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నా ముఖం ఎరగరు కాబట్టేమో.

ఐటీ జోరుగా ఉన్న రోజులు. రాఫెల్స్ ప్లేస్‌లో నా ఉద్యోగం. అమెరికా వాళ్ల పాత వీలునామాలు, భూమి దస్తావేజులు, కోర్టు కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మా టీముది. ఎవరో టైపు చేసి పంపేవారు, నేను అసలు కాగితంతో సరిచూసేదాన్ని. అలా పరిచయమయ్యాడు థామస్. మూడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషువాడు. ఇంట్లో చిన్న కొడుకు. తండ్రి పొలమంతా అన్నకే పోయింది. సొంత నేల లేక ఓడెక్కి అమెరికా వెళ్లాడు, అడవి నరికాడు, కంచె వేశాడు, వదిలొచ్చిన ఊరి పేరే ఆ పొలానికి పెట్టుకున్నాడు. మనింటి వెనక వాగు ఇంకా అలాగే పారుతోందా అని అన్నకు ఉత్తరం రాశాడు. అది చదివి బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను.

ఎందుకంటే నాదీ అదే కరువు. నాన్న బడిపంతులు. ఏ ఊరికి బదిలీ అయినా అద్దె ఇల్లే. ఎవరి పొలం గట్టునో నడుస్తూ, ఇది మాది అని ఒక్కసారైనా అనాలనుండేది. సింగపూర్ వచ్చాక కూడా వాన పడితే చాలు, ఆ కాంక్రీటులో మట్టివాసన కోసం వెతుక్కునేదాన్ని.

ఎల్లయ్య జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో కలిశాడు. ఏ రైలెక్కాలో తెలియక నిలబడి, నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని దగ్గరికొచ్చాడు. షిప్‌యార్డులో పని. హైదరాబాదు పొలిమేరలో ఊరు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మా ఫ్లాట్‌కు వచ్చి ఇంటికి ఉత్తరం రాయించుకునేవాడు. సంతకం తప్ప అక్షరాలు రావు. కుర్చీ చూపిస్తే నవ్వి, కిందే కూర్చుని నా పప్పుచారు తినేవాడు. అక్కా అని పిలిచేవాడు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. శుక్రవారం నుంచే ఆదివారం కోసం చూసేదాన్ని. ఆ ప్రేమ నటన కాదు. నటనైతే బాగుండేది, చేసిన పని నాకే కాస్త అర్థమయ్యేది.

ఊళ్లో అతనికి రెండెకరాలు. మూడు బోర్లు వేసినా నీళ్లు పడలేదు. అమ్మేస్తానన్నాడు. ఆ వైపు కంపెనీలు రాబోతున్నాయని మా ఆఫీసులో అప్పటికే అనుకుంటున్నారు. నేను నోరు మెదపలేదు. అడిగిన ధర ఇస్తానన్నాను. ఇది చిన్న తప్పే. పెద్దది ఇంకా చెప్పలేదు.

ఆ వారమే థామస్ దస్తావేజు నా ముందుకొచ్చింది. అతనికి భూమి అమ్మిన అక్కడి ఆదివాసులకు రాత తెలియదు. ఒకడు సంతకానికి బదులు తాబేలు బొమ్మ గీశాడు. ఏటా వసంతంలో వచ్చి ఆ పొలంలోని వాగులో చేపలు పట్టుకునే హక్కు మాదే అని రాయించుకున్నారు. ఆ ఒక్క ముక్క థామస్‌ను చచ్చేదాకా సతాయించింది. పొలం అమ్మబోతే కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. చివరికి కంచె దాటారని ఆ ఆదివాసులకే కోర్టులో జరిమానా వేయించాడు. దుర్మార్గుడా అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే పాఠం నేర్చుకున్నాను.

అమ్మకం కాగితం నేనే ఇంగ్లీషులో రాశాను. ఆదివారం, భోజనాలయ్యాక, ఎల్లయ్య చేతులు తుడుచుకుని అన్నాడు.

"అక్కా, ఒక్క మాట. మా అమ్మను ఆ గట్టు కాడనే పెట్టినం. పెద్దలకు పెట్టే పెత్రమాసకు పోయి దీపం ముట్టిస్తం. భూమి నీదే, నేనేమంట? గని ఆ దినం నన్ను ఆపొద్దు."

"నిన్నెవరాపుతారు ఎల్లయ్యా?"

"ఇప్పుడు గాదు, ముందట. కాగితంల రాయి."

"రాశాను."

"సదివి వినిపియ్యి మరి."

వినిపించాను. కాగితంలో ఆ చోట ఉన్నది హద్దులు: తూర్పున కాలువ, పడమర బండ్లబాట. వాటి మీద వేలు జరుపుకుంటూ, లేని వాక్యాన్ని తెలుగులో చదివాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చదివాను. ఒక్క మాట కూడా తేడా రాలేదు. అంత బాగా ఎలా చదవగలిగాను? లోపల ముందే రాసుకున్నానా? సంతకం పెట్టి, సల్లగుండు అక్కా అన్నాడు.

తర్వాత సెలవులో వెళ్లి ఆ పొలంలో నిలబడ్డాను. గట్టు దగ్గర పసుపు పూసిన చిన్న రాయి ఉంది. ఇది మాది అందామనుకున్నాను. నోరు రాలేదు. ఏడాది తిరక్కుండా లేఅవుట్ వాళ్లు వచ్చి, సమాధులేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. వాళ్లకు అమ్మేసి, ఒక ప్లాటు మాత్రం నాకుంచుకున్నాను. ఇప్పటికీ అందులో ఇల్లు కట్టలేదు.

పని పర్మిట్ అయిపోయి ఎల్లయ్య ఊరికెళ్లాడు. ఆ ఏడు పెత్రమాస పొద్దున నాకు ఫోన్ చేశాడు. ప్రహరీ కట్టారట, గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడట. నా మీద కోపం లేదు, అనుమానమూ లేదు. పాపం వాడు కొత్తోడు, వాడికి తెల్వదు, కాగితం నకలు పంపు అక్కా, అందుల ఉన్నది గద, సూపెట్టి లోపలికి పోత అన్నాడు. పంపుతానన్నాను. నూనె సీసా పట్టుకుని అక్కడే కూర్చుంటానన్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. ఆ వారమే నేను ఫోన్ నంబరు మార్చేశాను.

ఇప్పుడు జురాంగ్ ఈస్ట్‌లో ఎవరు అక్కా అన్నా తిరిగి చూస్తాను. మళ్లీ ఒక్క ఆదివారం అతను అలా కింద కూర్చుని అన్నం తింటే చాలనిపిస్తుంది. ఎదురైతే పారిపోతాననీ తెలుసు. థామస్ రాసిచ్చి మాట తప్పాడు. నేను రాయను కూడా లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఎక్కడా చెల్లదు, ఏ గేటూ తెరవదు. అయినా ఆ రోజు చదివింది చదివినట్టుగా, మొదటిసారి కాగితం మీద: ఎల్లయ్య, అతని పిల్లలు ప్రతి పెత్రమాసకు ఈ భూమిలోకి వచ్చి, గట్టు దగ్గర తల్లి సమాధికి దీపం పెట్టుకోవచ్చు. ఈ భూమి కొన్నవారెవరూ అడ్డు చెప్పరాదు.