నారాయణప్ప మేక

మా ధర్మవరంలో చీరలు నేసే నారాయణప్పకు పోయిన ఏడాది గుండెపోటు వచ్చింది. బీడీ మానేయాలి, ఉప్పు తగ్గించాలి, రోజూ నడవాలి అన్నాడు డాక్టర్. బీడీ, ఉప్పు మొండిగా వదిలేశాడు. నడకే కుదరలేదు. దారిలో ఒంటరిగా నడిచే మనిషి కనబడితే, బండి ఆపి ఎక్కించుకోకుండా పోవడం మావాళ్ల వల్ల కాదు. వద్దంటే అలుగుతారు కూడా.

ఈ రోజు సాయంత్రం ఊరి బయట ఆయన మేకను తోలుకుని పోతుంటే నేనూ సైకిల్ ఆపాను.

"ఎక్కన్నా, ఇంటికాడ దింపుతా."

"మేకను యాడ కూర్చోబెడతావప్పా?"

ఈ కరువులో దానికి మేత ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"మేతకు కాదప్పా. ఇది పక్కనుంటే ఎవురూ బండెక్కమనరు. గుండెపోటొచ్చిన కొత్తలో మగ్గం గుంతలోంచి లేచి వాకిలి దాకా పోలేకపోతి. ఇప్పుడు చూడు, ఇదే ముందు కూలబడతాండాది."

నిజంగానే మేక రోడ్డు మీద కూలబడింది. అది లేచేదాకా ఆయన ఆయాసమే లేకుండా, మళ్లీ మగ్గమెక్కించిన చీర గురించి హుషారుగా చెబుతూ నిలబడ్డాడు.

సైకిల్ తొక్కి వచ్చిన నాకు మాత్రం రొప్పు తగ్గలేదు. మీలో ఎవరింట్లోనైనా మేక ఉంటే, రేపు సాయంత్రానికి కాస్త ఇస్తారా?