‘ఏదైనా’ అనే కాఫీ లేదు

చిల్లకూరు దాటాక పెద్ద రోడ్డు పక్కన ఈ మధ్య ఒక కాఫీ కొట్టు తెరిచారు. తలుపు తోసి లోపల అడుగు పెట్టగానే, అప్పుడే మర పడుతున్న కాఫీ గింజల వాసన ముక్కును దాటి నేరుగా గొంతుకు తగిలింది. ఏం కావాలని అడిగిన అమ్మాయికి, “డికాషన్ చిక్కగా ఉండాలి, పాలు అప్పుడే పొంగినవి కావాలి, చక్కెర గ్లాసు అడుగున వెయ్యాలి, కలపకూడదు” అని చెప్పాను. “కలపకుండానా?” అని ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ అడిగింది. నా వెనక నిలబడ్డ లారీ డ్రైవరు బస్సు తప్పిపోయినవాడిలా నిట్టూర్చాడు. నా భర్త నాకూ తనకూ ఏ సంబంధమూ లేనట్టు రోడ్డు మీద పోయే వాహనాలు చూస్తూ నిలబడ్డాడు. ఒకప్పుడు ఎవరు ఏది పోస్తే అది తాగి గ్లాసు కడిగిపెట్టిన మనిషిని నేనంటే ఆయన నమ్మడు. నన్నిలా తయారు చేసింది కోట అనే ఊళ్ళో నేను అద్దెకున్న ఇంటావిడ, సువార్తమ్మ టీచరు గారు.

మాది విడవలూరు పక్కన ఒక పల్లె, వరి పండించే ఇల్లు. ఏ పూట ఏ కూర వండాలో, ఎవరు ఏ రంగు గుడ్డ కట్టాలో మా నాయనమ్మే తేల్చేది. ఆ ఇంట్లో ఆడపిల్లకు దొరికే పెద్ద మెప్పు ఒకటే: “మా పద్మ బంగారం. ఏదైనా పర్లేదంటాది.” నేను ఆ మెప్పు మీదే పెరిగాను. డిగ్రీలో ఏం చదవాలో మా మామయ్య చెప్పాడు, ఏ చెప్పులు కొనాలో కొట్టువాడు చెప్పాడు. కోటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చినప్పుడు కూడా, వెళ్ళమన్నారు కాబట్టి వెళ్ళాను. సువార్తమ్మ గారు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి వెనక భాగంలో నాకొక గది ఇచ్చారు. పెట్టె దించిన మొదటి సాయంత్రమే వంటింటి గుమ్మంలో నిలబడి, “కాఫీ ఎట్టా కావాలమ్మే నీకు?” అని అడిగారు.

“ఏదైనా పర్లేదండీ” అన్నాను, అలవాటు కొద్దీ.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, తప్పు లెక్క చేసిన పిల్ల పలకను చూసినట్టు తల ఆడించారు. “నా ఇంట్లో ఏదైనా అనే కాఫీ లేదు. స్ట్రాంగు ఉండాది, లైటు ఉండాది, బెల్లం కాఫీ ఉండాది, సొంటి కాఫీ ఉండాది. ఏదైనా ఉండదు. ఆలోచించుకోని రా, పో.” ఆ సాయంత్రం నాకు కాఫీ దొరకలేదు. మంచినీళ్ళు తాగి గదిలో కూర్చుని, కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక, రెండూ కొంచెం కొంచెం చేశాను.

ఆ ఇంట్లో కాఫీ తాగే తీరు ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. టీచరు గారి భర్త రత్నం గారు కాఫీ బల్ల మీద పెట్టించుకుని, అది పూర్తిగా చల్లారి పైన మీగడ కట్టేదాకా పేపరు చదివేవారు. తరువాత చెంచాతో ఆ మీగడ తీసి తిని, మిగిలినదాన్ని మందులా గటగటా తాగేసేవారు. వేడిగా తాగరేమండీ అని అడిగితే, “వేడి కాఫీలో రుచి యాడుంటాదమ్మా, భయమే గదా ఉండేది” అనేవారు. చేపల గంప దించడానికి వచ్చే రమణమ్మ మెట్టు మీద నిలబడే తాగేది, అదీ బెల్లం కాఫీ, అంచుదాకా. కూర్చుని తాగితే కాఫీ పొట్టలోకి కాకుండా మోకాళ్ళలోకి దిగుతుందని ఆమె నమ్మకం. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు వచ్చి “అర కాఫీ చాలమ్మా” అనేవారు. అది కాగానే ఇంకో అర. కబుర్లు బాగుంటే మరో అర. ఆయన వెళ్ళాక టీచరు గారు గ్లాసులు తీస్తూ, “లెక్కల టీచరు ఇంట్లో కూర్చోని భిన్నాలు చేస్తాడు ఈయన” అని గొణిగేవారు.

ఇక ఆవిడ సంగతి చెప్పాలంటే నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. సముద్రం దగ్గర కావడంతో మా వీధి బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి. స్నానానికీ బట్టలకూ ఎవరికీ పట్టింపు లేదు. కాఫీకి మాత్రం ఊరవతల తోటలోని బావి నీళ్ళు రావాల్సిందే. రత్నం గారు సైకిలుకు బిందె కట్టుకుని వెళ్ళి తెచ్చేవారు. ఒకసారి వానలో తడవడం ఇష్టం లేక బోరు నీళ్ళే పట్టి, తోట నీళ్ళని చెప్పి లోపల పెట్టారు. టీచరు గారు ఒక్క గుటక వేసి గ్లాసు దించి, మధ్యాహ్నం అన్నంలోకి ఆయనకు ఉప్పు లేని పప్పు వడ్డించారు. “ఉప్పు పొద్దున కాఫీలోనే తాగినారు గదా మీరు” అన్నారంతే. రత్నం గారు నావైపు చూసి, “చూసినావామ్మా, సాక్ష్యం లేకుండానే శిక్ష” అని ఆ పప్పే కలుపుకున్నారు.

నా విషయంలో ఆవిడ పట్టు విడవలేదు. నీకేది ఇష్టమో నీకే తెలియకపోతే తెలుసుకుందాం అని రోజుకొక రకం కాఫీ పెట్టి ముందు కూర్చునేవారు. తాగి “బాగుంది టీచరు గారూ” అంటే ఒప్పుకునేవారు కాదు. “బాగుండేది నాకు తెలుసు, పెట్టింది నేనే గదా. ఎట్టుండాదో చెప్పు.” తెలుగు చెప్పే టీచరుకు ఒక గ్లాసు కాఫీ గురించి రెండు వాక్యాలు చెప్పడం రాదని తెలిసి నాకే సిగ్గేసింది. సొంటి కాఫీ గురించి “ఘాటుగా ఉంది” అన్నాను. “అది సొంటి చేసిన పని. నీకెట్టుండాది?” అన్నారు. అప్పటిదాకా నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకు జవాబు తెలియదన్న సంగతి కూడా అప్పటిదాకా నాకు తెలియదు.

జవాబు పొరపాటున దొరికింది. ఒకరోజు పొద్దున ఆవిడ గ్లాసులో చక్కెర వేసి, డికాషన్, పాలు పోసి, ఇక కలుపుతారనగా వీధిలోంచి “వంజరం వచ్చిందమ్మో!” అని రమణమ్మ కేక వినిపించింది. వంజరం చేప ముందు టీచరు గారికి ఎవరూ లెక్క కాదు. చెంచా అక్కడే పడేసి పరుగెత్తారు. బడికి వేళవుతోందని నేను గ్లాసు అందుకుని అలాగే తాగేశాను. మొదట చేదు, నాలుక ముడుచుకునేంత చేదు. సగానికి వచ్చేసరికి చేదు తగ్గి, పాల కమ్మదనం తెలిసింది. అడుగున ఒక్కసారిగా తీపి. నేను వీధిలోకి వెళ్ళి, చేప మొప్పలు ఎత్తి చూస్తున్న టీచరు గారి ముందు ఖాళీ గ్లాసు పెట్టి, “ఇదండీ! ఇట్లా కావాలి నాకు. కలపొద్దు. మొదట చేదుగా ఉండి పోనుపోను తియ్యగా అవుతా ఉంటే, ఇంకా ఏముందో చూద్దామని తాగబుద్ధేస్తా ఉంది” అన్నాను. టీచరు గారు చేపను గంపలో పడేసి, తడి చేతుల్తోనే నా బుగ్గలు పట్టుకున్నారు. “రమణమ్మా, మా పిల్ల పాసయింది!” అని వీధంతా వినబడేట్టు అరిచారు. ఆ రోజంతా నా దగ్గర చేపల వాసన వస్తోందని బడిలో పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నాకది పరీక్ష పాసైనందుకు పూసిన సెంటులాగే ఉండింది.

అదే ఏడు మా నాన్న ఒక సంబంధం తెచ్చాడు. అబ్బాయి గూడూరులో ఏదో ఆఫీసులో పని చేస్తాడు. వాళ్ళకు దగ్గరవుతుందని పెళ్ళిచూపులు కోటలోనే, టీచరు గారి ముందుగదిలో పెట్టారు. నాకు నిజానికి బి.ఇడి. చదవాలని ఉండేది. ఆ సంగతి టీచరు గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా నాన్నకు చెప్పమని ఆవిడ అంటే, చూద్దాంలెండి అని తప్పించుకున్నాను. ఆ రోజు మా అమ్మ కాఫీలు కలిపి పళ్ళెంలో పంపమంటే టీచరు గారు ఒప్పుకోలేదు. భుజాన తువ్వాలు వేసుకుని ముందుగదిలోకి వచ్చి ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు దగ్గరికి రాగానే అతని తల్లి అందుకుంది.

“మావాడికి స్ట్రాంగు కాఫీ అండీ. చిన్నప్పటినుంచీ నా చేతి కాఫీ లేకపోతే మంచం దిగడు.”

“మీకెట్టా కావాలో చెప్పినారు గదమ్మా. ఇప్పుడు బాబు చెప్తాడు” అన్నారు టీచరు గారు. “ఏం బాబూ, నీకెట్టా కావాల?”

అతను తల్లి వైపు చూశాడు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. టీచరు గారు కదలలేదు. బోర్డు దగ్గర నిలబెట్టిన పిల్లవాడి జవాబు కోసం ఎదురుచూసే ఓపిక ఆవిడది. చివరికి అతను సన్నగా, “నాకు... టీ అండీ” అన్నాడు.

“టీనా?” తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఎప్పటినుంచిరా?”

“ఎప్పటినుంచో అమ్మా. కాఫీ తాగితే నాకు కడుపులో తిప్పతాది.”

“మరి నేను పెట్టిందంతా?”

“పెరట్లో కరివేపాకు చెట్టుకి.”

“అందుకే సచ్చింది నా చెట్టు!” అని ఆవిడ గొల్లుమంది. రత్నం గారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, పేపరు మాత్రం గజగజ వణుకుతోంది. నాకు నవ్వు ఆగలేదు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురు అంత గట్టిగా నవ్వడం మా వంశంలో అదే మొదలని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. గొడవ సద్దుమణిగాక, పెద్దమనిషెవరో అమ్మాయి అభిప్రాయం కూడా అడగండి అన్నారు. మా నాన్న ధీమాగా, “మా పిల్లదేముందండీ, దానికి ఏదైనా పర్లేదు” అన్నాడు.

గదిలో అందరికన్నా ముందు నాకే నా గొంతు వినిపించింది. “లేదు నాన్నా. నాకు ఇప్పుడు పెళ్ళి వద్దు. బి.ఇడి. చదవాలి.” మా నాన్న నావైపు, కట్టేసిన దూడ మాట్లాడినట్టు చూశాడు. కోపగించుకుంటాడేమో అనుకున్నాను. “ముందే చెప్పుంటే వీళ్ళని ఊరికే ఇక్కడిదాకా రప్పించేవాణ్ణి కాదు గదా తల్లీ” అన్నాడు, అంతే. ఇన్నేళ్ళూ నేను భయపడ్డ కొండ నిజానికి గడ్డివాము. నేను ఆ ఏడే చదువులో చేరాను. ఆ అబ్బాయి తరువాత ఎవరిని చేసుకున్నాడో తెలియదు. ఎక్కడున్నా టీ తాగుతూ ఉంటాడని నా ఆశ.

చదువయ్యి, ఉద్యోగం వచ్చి, పెళ్ళయ్యాక కూడా కోట వెళ్తూనే ఉండేదాన్ని. చివరిసారి వెళ్ళినప్పుడు టీచరు గారు మంచం మీదున్నారు. కడుపులో పుండని డాక్టరు కాఫీ మానిపించాడు. మనిషి సగమైంది, గొంతు మాత్రం తగ్గలేదు. రత్నం గారు నాకు కాఫీ పెట్టుకొచ్చారు. ఆవిడ ముందు తాగడానికి మనసొప్పక గ్లాసు పక్కన పెట్టాను.

“తాగమే. నాకెదురుగా తాగు” అన్నారు. “తాగి ఎట్టుండాదో చెప్పు. నేను చెవుల్తో తాగతా.”

తాగుతూ చెప్పాను. పొగ ముక్కుకు తగిలిన తీరు, నురగ పెదవికి అంటి పట్టుపంచె అంచులా మెత్తగా ఉండటం, చేదు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందీ, వెనకాల వచ్చిన, కాఫీపొడిలో కలిపే చికోరీ వేరు మట్టివాసన, గుటక దిగాక కూడా నాలుక మధ్యలో నిలిచిపోయిన ఆ తీపి జిగురు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో ఒకసారి నిజంగానే గుటక వేశారు. నేను ఆపాక కళ్ళు తెరవకుండానే వంటింటి వైపు తిరిగి, “ఏమండీ, చక్కెర ఎక్కువేసినారు!” అన్నారు.

ఆ శీతాకాలంలోనే ఆవిడ పోయారు. ఇప్పుడు నేను నెల్లూరులో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. ‘బాగుంది’ అన్న మాటతో నా క్లాసులో ఎవరూ కూర్చోలేరు. మొన్న మైపాడు బీచికి తీసుకెళ్ళి, మర్నాడు సముద్రం గురించి చెప్పమంటే, వెనక బెంచీ పిల్ల లేచి “సముద్రం బాగుంది టీచర్” అని కూర్చోబోయింది. కూర్చోనివ్వలేదు. “నీకెట్టుండాది?” అని అడిగి, ఏ పనీ లేనిదానిలా ఎదురుచూశాను. ఆ పిల్ల కిటికీ వైపు చూసింది, జడ కొస నమిలింది, పక్కపిల్లలు అందించబోయిన మాటల్ని చేత్తో తోసేసింది. “మా నాయన మాదిరుండాది టీచర్” అంది చివరికి. “ఊరికే అరస్తా వస్తాది. తీరా దగ్గరికొస్తే కాళ్ళు తడిపి పోతాది.”

క్లాసంతా నవ్వింది. నేను ఆ పిల్లను దగ్గరికి పిలిచి, ఆ మాటే మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను.