పదకొండో చెట్టు ఎవరిది

పుష్పవతిని ఏ మామిడి చెట్టు పేరడిగినా చెప్పదు. ఆ చెట్టు కాయ ఎవరింటి గిన్నెలోకి వెళుతుందో చెబుతుంది. "ఇది మస్తాన్‌బీ మురబ్బాది. అది ఎండు రొయ్యలది. ఆ మూలది వేవిళ్ళది" అంటుంది, చుట్టాలను చూపించినట్టు. పేర్లంటే బంగినపల్లికీ, రసాలకూ, కలెక్టరు కాయకూ. లారీ ఎక్కి పైఊళ్ళకు పోయే కాయకు పేరుండాలి. వంటింటికి నడిచి వెళ్ళే కాయకు పేరెందుకు?

జి. కొండూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన మూడో రోజునే ఆమె నూజివీడు శివారులో దశరథరామయ్య గారి తోటలో పనికి దిగింది. భర్త యలమంద చివర వల కట్టిన చిక్కం కర్రతో కాయ దింపితే, ఆమె తొడిమ తుంచి, సొన కారేలా కాయను బోర్లించేది. ముప్పై ఎనిమిదేళ్ళ సొన ఆమె మోచేతుల దాకా చిన్న చిన్న ఆకుల్లాంటి మచ్చలు వేసింది. ఇప్పుడు పద్దెనిమిది మంది ఆడకూలీలకు మేస్త్రీ. చెట్టు కింద నిలబడి తలెత్తిందంటే చాలు, కొమ్మల్లో దాగిన కాయలు తమంతట తామే బయటికి వచ్చి నిలబడతాయని కూలీలు అంటారు.

తోటంతా వరసలే. వాగు గట్టున మాత్రం వరసా పాడూ లేకుండా పదకొండు నాటు చెట్లున్నాయి. ఒకటి వంగి నీళ్ళలో ముఖం చూసుకుంటుంది. ఒకటి అందరికన్నా ముందు పూస్తుంది, ఇంకొకటి అందరూ కాసి ఊరుకున్నాక బద్ధకంగా కాస్తుంది. ఉగాది వెళ్ళిన వారానికి దశరథరామయ్య గారు ఆ గట్టు మీద నిలబడి పుష్పవతిని పిలిచారు.

"ఈ పదకొండూ కొట్టించేద్దామనుకుంటున్నా పుష్పవతీ. పామాయిల్ మొక్కలొస్తున్నాయి."

"ఇక్కడ ఇవి ఉన్నాయిగా అండీ?"

"ఉండి ఏం చేస్తున్నాయి? కాయలు కొనే షావుకారు వీటి వంక చూడనైనా చూడడు. ఎవరిక్కావాలి ఇవి? పోయినేడు ఒక్కరైనా వచ్చి అడిగారా?"

ఒకప్పుడు వేసవి రాగానే వాగు దాటి మనుషులొచ్చేవాళ్ళు. ఒక్కో ఇల్లు ఒక్కో చెట్టు కిందికి. ఆ రాకలు ఎప్పుడు సన్నబడ్డాయో పుష్పవతి గమనించనే లేదు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

"అడుగుతారండీ."

"ఎవరు?"

"అడిగేవాళ్ళు."

ఆయన నవ్వారు. చెడ్డవాడు కాదు, చేతికందిన లెక్కను నమ్మే మనిషి. "సరే, ఏరువాక పున్నమి దాకా ఆగుతా. అడిగిన చెట్టు ఉంచుతా. అడగనిది రంపానికి. ఇంటికో చెట్టే. దేనికి కావాలో కూడా చెప్పాలి. ఊరికే బాగుంటదండీ అంటే కుదరదు."

ఆ సాయంత్రం యలమంద అరుగు మీద కూర్చుని విన్నాడు. "ఇప్పుడు చెట్లకు సంబంధాలు వెతుకుతావా ఏంటి, పెళ్ళిళ్ళ పేరమ్మలాగా?"

"నీకే కుదిరింది. వాటికి కుదరదా?"

యలమంద బీడీ వెలిగించుకుని, ఓడిపోయిన వాడిలా కాక, పెళ్ళయిన వాడిలా నవ్వుకున్నాడు.

మొదట్లో పుష్పవతి తప్పుదారి తొక్కింది. మర్నాడే తన ముఠా ఆడవాళ్ళను గట్టు మీదికి తీసుకెళ్ళి నిలబెట్టింది. అందరికన్నా ధైర్యం గల లక్ష్మి ముందుకొచ్చి ఒక చెట్టు చూపించింది.

"నాకిది కావాలండీ. ఆవకాయకి."

దశరథరామయ్య గారు పగలబడి నవ్వారు. "ఆ కాయతో ఆవకాయ పెడతావా? నెల తిరక్కుండానే ముక్క మెత్తబడుద్ది. వినాయక చవితికి పప్పుగుత్తి పెట్టి ఎనుపుకోవాలి. అది పులిహోర కాయే తల్లీ! మా అమ్మ శ్రీరామనవమికి దాన్నే కోరి కలిపేది."

లక్ష్మి నాలుక కరుచుకుంది. మిగతావాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పుష్పవతికి తల కొట్టేసినట్టయింది గాని, ఇంటికి నడుస్తుంటే మాత్రం లోపల ఒక దీపం వెలిగింది. ఆయన మర్చిపోలేదు. ఆయన నాలుక మీద ఇంకా ఒక చెట్టు నిలబడే ఉంది. అబద్ధపు అడగడాలు అక్కర్లేదు. నిజంగా అడిగేవాళ్ళనే తేవాలి.

ఆ వేసవంతా ఆమె పని దిగాక ఊళ్ళు తిరిగింది. పది కాయలు చీర కొంగున కట్టుకుని వెళ్ళేది. పలకరింపు కన్నా ముందు కాయ చేతిలో పెట్టేది. నూజివీడులో కుట్టుమిషను ముందు కూర్చున్న మస్తాన్‌బీ కాయను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. పాకంలో ఉడికినా ముక్క చెదరని కాయ అదొక్కటే. బజారు కాయతో నాలుగేళ్ళుగా ఆమె మురబ్బా జావైపోతోంది. "చెట్టు పోయిందనుకున్నా అక్కా. అందుకే రావడం మానేశా" అంది. పుష్పవతికి అప్పుడర్థమైంది, మనుషులు రాకపోతే చెట్టు పోతుంది, చెట్టు పోయిందనుకుంటే మనుషులు రారు. ఎవరో ఒకరు మధ్యలో నడవాలి.

కొల్లేటి వైపు నుంచి రొయ్యపొట్టు గంపతో వచ్చే చిన్నరాయప్ప తన చెట్టు తనే వచ్చి అడిగాడు. మూడో నెల వేవిళ్ళతో ఉన్న సాయి ప్రియ గట్టు మీదికొచ్చి, అడగడం మరిచిపోయి, అక్కడే రెండు పచ్చి కాయలు కొరికేసింది. "ఇక చెప్పనక్కర్లేదులే" అన్నారు దశరథరామయ్య గారు. పులిహోర కాయను రామాలయం పూజారి గారి భార్య అడిగింది. పుష్పవతి కూతురు సౌజన్య యూనివర్సిటీ మెస్సులో వంట చేస్తుంది. "వేలమందికి ఒకటే పప్పమ్మా అక్కడ. పుల్లగా ఉందనే పిల్లాడూ తినాలి, చప్పగా ఉందనే పిల్లాడూ తినాలి" అంటూ, పప్పులో వేస్తే ఉప్పు తక్కువైనా తెలియనివ్వని చెట్టును తన ఇంటికని అడిగింది. అలా ఒక్కోటీ, కొన్ని ఇట్టే, కొన్ని బతిమాలించుకుని, జ్యేష్ఠం వచ్చేసరికి పది చెట్లకు పది ఇళ్ళు దొరికాయి.

పదకొండోదానికి దొరకలేదు.

పిడికిలంత కాయ. పైన మందపు తోలు, కింద పీచు, ఆ కింద అంతా టెంకే. పండినా తియ్యన కాదు, పచ్చిగా పులుపూ కాదు. పుష్పవతికే అది ఎవరిదో తెలియదు. ఆ చెట్టు మొదట్లో కూర్చుని వెనక్కి వెనక్కి ఆలోచించింది. దాని కింద ఎవరు తిరిగేవాళ్ళు? పశువులు తిని వదిలిన టెంకలను కూడా ఏరుకుని కడుక్కునే చేతులు గుర్తొచ్చాయి. వెదురు చీరుకుని గరుకెక్కిన చేతులు. వెంకాయమ్మవి!

వెంకాయమ్మ వాళ్ళు తోటలకు బుట్టలల్లేవాళ్ళు. ప్లాస్టిక్ ట్రేలు వచ్చిన ఏడాది బుట్ట అడిగేవాడు లేక ఉంగుటూరు వెళ్ళిపోయారు. వెదురు పోయింది, వాళ్ళు పోయారు, ఆ చెట్టుకు పలకరింపు పోయింది.

పున్నమికి నాలుగు రోజులుందనగా పుష్పవతి బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగి, ఇంకో బస్సు, ఒక ఆటో మారి ఉంగుటూరు చేరింది. వెంకాయమ్మ కొడుకు వరికోత మిషను నడుపుతాడు. డాబా ఇల్లు, గుమ్మంలో కోడలు ప్రసన్న. ఎనభైకి దగ్గరపడ్డ వెంకాయమ్మ కాయను చూడగానే చటుక్కున కొంగు కింద దాచేసింది. కోడలు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"ఇదెందుకు తెచ్చావే ఇక్కడికి?"

"ఈ టెంకలు ఏం చేసుకునేవాళ్ళత్తా మీరు?"

"నీకు తెలీదా?"

"తెలిస్తే ఇంత దూరం వస్తానా?"

ముసలామె గుమ్మం వంక చూసింది. "లోపలి జీడి తీసి, నానబెట్టి, ఎండబెట్టి, పిండి కొట్టుకునేవాళ్ళం. వానాకాలం బుట్టల పని ఉండదుగా. ఆ మూడు నెలలూ ఆ పిండి అంబలే. చాలా?"

"పున్నమికి ఆ చెట్టు కొట్టించేస్తారంట. అదే వచ్చి దశరథరామయ్య గారితో చెప్పత్తా. చెట్టు నిలబడుద్ది."

"టెంకలు తిని బతికామని అంతమందిలో చెప్పమంటావా? నా కోడలికే తెలీదు. వాళ్ళ పుట్టింటోళ్ళకు ఆరెకరాల మాగాణి."

"మీరు దొంగతనం చేశారా అత్తా? తిన్నారు."

"తిన్నాం. అది కడుపుకి తెలుసు. ఊరికి తెలియక్కర్లేదు. నువ్వెళ్ళు."

పుష్పవతి మళ్ళీ అడగలేదు. మంచినీళ్ళు తాగి, ప్రసన్నతో ఎండల గురించి నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసింది. వస్తూ వస్తూ బస్సు కిటికీలోంచి చూస్తే దారి పొడవునా పామాయిల్ తోటలు, ఒకే అచ్చులో పోసినట్టున్న చెట్లు, ఒకే గొంతుతో పాఠం అప్పజెబుతున్న బడిలాగా. పది నిలబెట్టింది కదా, ఒకటి పోతే ఏమని ఎవరైనా అనొచ్చు. కాని తన ముఠాలో పద్దెనిమిది మందికి పదిహేడు మందే మిగిలితే ఆమె ఏ సాయంత్రమూ లెక్క సరిపోయిందని ఇంటికి వెళ్ళేది కాదు.

పున్నమి నాడు పొద్దున్నే తిరుపతిరావు రంపం మిషను భుజాన వేసుకుని వచ్చాడు. దశరథరామయ్య గారు గట్టు మీద కుర్చీ వేయించుకున్నారు. పుష్పవతి పదకొండో చెట్టుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె ముఠా మొత్తం, పిలవకుండానే, వెనకాల చేరింది.

అప్పుడు వాగు దాటి ఇద్దరు వచ్చారు. ముందు కర్ర పోటుతో వెంకాయమ్మ, వెనక గొడుగు పట్టుకుని ప్రసన్న.

"కళ్ళాసుపత్రికొచ్చామండీ" అంది వెంకాయమ్మ, ఎవరూ అడగకముందే. "దారే కదా అని."

"మంచిది వెంకాయమ్మా. చెట్టు అడగడానికొచ్చావేమో అనుకున్నా."

"లేదండీ. ఊరికే."

ఆయన తిరుపతిరావు వైపు చూశారు. పుష్పవతికి ఇక ఆగబుద్ధి కాలేదు. ఎవరింటి పేరూ ఎత్తకుండా అంది. "ఇది టెంకల చెట్టండీ. కాయకి కాదు, టెంకకి."

"టెంకలా?" దశరథరామయ్య గారికి నవ్వాగలేదు. "జ్యూసు ఫ్యాక్టరీల వెనక కొండల్లా పోసి ఉంటాయి. ఎన్ని కావాలి? ట్రాక్టరు తోలిస్తా. టెంకల కోసం చెట్టు ఉంచేదేంటి?"

"ఆ టెంకలా!"

ఆ గొంతు వెంకాయమ్మది. కర్ర నేలకేసి కొట్టింది.

"ఆ టెంకల్లో జీడి మూడు రోజులు నానేసినా చేదు చావదండీ. నీళ్ళు మార్చి మార్చి చేతులు పడిపోతాయి. పిల్లలు నోట పెట్టరు. ఇది చూడండి, ఒక్క రాత్రి నానితే చాలు, పొద్దున్నే ఎండకేసుకోవచ్చు. పిండి తెల్లగా దిగుద్ది. పిల్లలకి విరేచనాలైతే మా అత్త ఇదే కాచి పోసేది. ఏంటండీ, టెంకలన్నీ ఒకటేనా? మా అత్త నూటొక్క టెంక రుచి చూసి, చేదు లేనిదాన్ని ఏరి, తన చేత్తో ఇక్కడ పాతింది. పుట్టిన చెట్టు కాదిది, పెట్టిన చెట్టు. ఫ్యాక్టరీ టెంకలంట!"

ఆగిపోయింది. తను ఏం చెప్పిందో అప్పుడు తెలిసింది. గట్టు మీద అందరూ ఆమెనే చూస్తున్నారు. రంపం మిషను కూడా, తిరుపతిరావు భుజం మీద, చెవి రిక్కించినట్టే ఉంది. వెంకాయమ్మ మెల్లగా కోడలి వైపు తిరిగింది.

ప్రసన్న గొడుగు ముడిచింది. వంగి, రాలిన కాయ ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"పిండికి ఎన్ని నీళ్ళు పోయాలి అత్తయ్యా?"

వెంకాయమ్మ కోడలి చేతిలోని కాయ వంక చూసింది. "ఒకటికి ఆరు" అంది. "నువ్వు ఉప్పు ముందే వేస్తావు. దీనికి చివర్న వెయ్యాలి."

దశరథరామయ్య గారు కుర్చీలోంచి లేచి ఆ చెట్టు దాకా నడిచారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న చెట్టే. ఇవాళే పరిచయమైనట్టు బెరడు మీద చెయ్యి వేశారు. గట్టు మీద చెట్లన్నీ పశువులు తొక్కిన టెంకల నుంచి మొలిచినవేనని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నారు.

"మిగతా వాటిని కూడా ఎవరో ఒకరు పెట్టే ఉంటారు, కదా?" అన్నారు.

"అడగండి, చెబుతారు" అంది పుష్పవతి.

"ఇంటికో చెట్టన్నాం. వెంకాయమ్మ ఇంటికి ఇది." తిరుపతిరావు వైపు తిరిగారు. "నువ్వెళ్ళవయ్యా. రోజు కూలీ ఇప్పిస్తాలే."

"మరి పామాయిల్ మొక్కలండీ?" అన్నాడు తిరుపతిరావు.

"వేరే చోటు చూస్తాలే."

వెంకాయమ్మ అప్పటికే చెట్టు కింద చతికిలబడింది. కళ్ళాసుపత్రి సంగతి అత్తాకోడళ్ళలో ఎవరూ ఎత్తలేదు. లక్ష్మి కత్తిపీట తెచ్చింది. ముసలామె ఎండిన టెంకను నిలువుగా పట్టుకుని, ఎక్కడ నొక్కితే నోరు తెరుస్తుందో చూపించింది. ప్రసన్న మొదటిది పగలగొట్టబోయి జారవిడిచింది, రెండోది తెరిచింది. లోపల జీడి, తడి పాలరంగులో, నిద్రపోతున్న పురుగులా ముడుచుకుని ఉంది.

"పైపొర తీసెయ్. అదే వగరు" అంది వెంకాయమ్మ.

పుష్పవతి కొంగు దోపుకుని ముఠా వైపు తిరిగింది. "చూసింది చాలు, పదండి. ఆ కాయలన్నీ వాళ్ళ చేతికందేలా ఏరి పెట్టండి. ఒక్క టెంక కూడా వాగులో పడకూడదు."