ఖాళీ అనుకున్న ఆకాశం

ఇవాళ పొద్దున్న లేచేసరికి రియాద్ అంతా ఎర్రమట్టి రంగులో ఉంది. ఎదుటి మేడ కూడా కనబడనంత దుమ్ము తుఫాను. మా అమ్మాయి మాత్రం తీరిగ్గా కాఫీ తాగుతోంది, ఎందుకంటే తన ఈ కొత్త ఇంట్లో కిటికీలకు సందన్నదే లేదు, గాలిని వడకట్టే యంత్రమొకటి మూలన గుర్రుమంటూ ఉంటుంది, బల్ల మీద వేలితో గీసినా గీత పడదు. నాకు మాత్రం ఇదే ఊళ్ళో మలాజ్‌లోని మా పాత అద్దె ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా సరే, తెల్లారేసరికి బియ్యం డబ్బా మీద కూడా దుమ్మే. నేను దాంతో యుద్ధం చేస్తుంటే, యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం చెప్పే మావారు ఆ దుమ్ము మీదే పరిశోధన చేస్తూ కూర్చునేవారు. ఇక్కడి దుమ్ము కాదు లెండి, ఎక్కడో సుదూరాన ఉన్న ఒక గెలాక్సీలోది. అక్కడ నక్షత్రాలు తెరిపి లేకుండా పుడుతుంటాయనీ, వాటి వెలుగును చుట్టూ ఉన్న దుమ్ము మింగేసి వేడిగా బయటికి వదులుతుందనీ, కంటికి ఆనని ఆ పరారుణ కాంతిని పట్టుకుంటే తప్ప లోపలి సంగతి తెలియదనీ చెప్పేవారు. ఇంట్లో దుమ్ము దులపడానికి చెయ్యి రాని మనిషికి ఆకాశంలో దుమ్మంటే అంత ప్రేమేమిటని దెప్పితే, "ఏమోయ్, ఆ దుమ్మే లేకపోతే నువ్వూ లేవు, నీ చీపురూ లేదు" అని నవ్వేసేవారు.

ఆయన ప్రాణమంతా ఒక్క ప్రశ్న మీదే ఉండేది: కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావలసిన చల్లటి గ్యాసు అక్కడ ఇంకా ఎంత మిగిలింది? టెలిస్కోపును ఓసారి గెలాక్సీ వైపు, మరోసారి పక్కనున్న ఖాళీ ఆకాశం వైపు తిప్పి, రెండోదాన్ని మొదటిదాంట్లోంచి తీసేయాలట, మనం నెయ్యి గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేసినట్టు. అలా తీసేస్తే ఆయనకు మిగిలింది చాలా కొంచెం.

ఆ లెక్క తేలిన ఏడాదే ఆయనకు గుండెజబ్బు బయటపడింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని, "దానికీ అయిపోవచ్చిందోయ్, నాకూ అయిపోవచ్చింది" అన్నారు. ఎక్కడో ఉన్నదాని చావును మనకెందుకు అంటగడతారని కసిరి, వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ దిగులుతోనే పోయారు, పిచ్చి మనిషి.

మరుసటేడు ఆయన దగ్గర చదువుకున్న సౌదీ అమ్మాయి ఇంటికి వచ్చింది. నన్ను ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచేది. ఆ పిల్ల గెలాక్సీకి ఇంకా ఎడంగా ఉన్న ఆకాశాన్ని ఖాళీ కింద లెక్కపెట్టుకుని మళ్ళీ చూసిందట. మావారు ఖాళీ అనుకున్న చోటు అసలు ఖాళీయే కాదట. ఆ గెలాక్సీ గ్యాసే అక్కడిదాకా పరుచుకుని ఉందట, ఆయన దాన్నే ఏమీ లేదనుకుని తీసేశారట. "ఇంకా చాలా ఉంది ఖాలా. ఈ మాట సార్‌కి చెప్పాలనిపించింది, అందుకే మీ దగ్గరికొచ్చాను" అంది ఇంగ్లీషులో. ఖర్జూరాలూ కాఫీ ఇచ్చి పంపాను. తలుపు వేసి, అలవాటుకొద్దీ ఆయన గదివైపు తిరిగి "ఏమండీ" అని పిలిచాను.

ఇప్పుడు మలాజ్ మీదుగా మెట్రో పోతోంది, మా పాత ఇల్లున్న చోట పెద్ద కట్టడమేదో లేచింది. దుమ్ము పడని ఇల్లు కావాలని ఆయనతో ఎంత పోట్లాడేదాన్నో. చివరికి అలాంటి ఇల్లే దొరికింది. పొద్దుటినుంచీ గుడ్డ పట్టుకుని గదులన్నీ తిరుగుతున్నాను, తుడవడానికి ఎక్కడా ఏమీ లేదు.