సత్తిరాజు రిపోర్టులో వైరస్ అనే మాట

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవికి నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి పాథాలజీ విభాగానికి అధిపతిని. ప్రభుత్వ వైద్య కళాశాలలో ప్రొఫెసర్‌గా పదవీ విరమణ చేశాక అక్కడ చేరాను. పాథాలజిస్టులు రోగిని చూడరు, రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను చూస్తారు. దాన్ని మైనంలో బిగించి, పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పరీక్షించి, ఫలానా జబ్బు అని రాసి సంతకం పెడితే మా పని అయిపోతుంది. అప్పటిదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని.

మే నెలలో సత్తిరాజు అనే ఆయన కడుపులోంచి ఎండోస్కోపీతో తీసిన ముక్కలు వచ్చాయి. వయసు యాభై రెండు. పెనుగొండ దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లకు వంటమాస్టరు. మా జూనియర్ డాక్టర్ ప్రసన్న స్లైడు చూసి ‘లింఫోమా కావచ్చు’ అని పెన్సిలుతో రాసిపెట్టింది. ఆమెను తప్పుపట్టలేను. స్లైడు నిండా లింఫోసైట్లు, అంటే ఒంటిని కాపాడే తెల్లకణాలు, కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య రెండో మూడో చొప్పున పెద్ద కణాలు దాక్కుని ఉన్నాయి. నాకు అనుమానం వాటి మీదే. లింఫోమా, అంటే ఆ తెల్లకణాల క్యాన్సరే, అయితే ప్రధానంగా మందులతో వైద్యం. ఆ పెద్ద కణాలు కడుపు లోపలి పొరలో పుట్టిన క్యాన్సరైతే ఆపరేషన్ చేయాలి.

సర్జన్ రెండుసార్లు ఫోన్ చేసి తొందరపెట్టారు. తేలేదాకా సంతకం పెట్టనన్నాను. ప్రత్యేకమైన రంగు పరీక్షలో అది కడుపు క్యాన్సరేనని తేలింది. క్యాన్సర్ చుట్టూ తెల్లకణాలు అంతలా మూగితే ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్‌ను అనుమానించాలి. ఆ పరీక్ష మా దగ్గర లేదు. ముక్కలు బిగించిన మైనం దిమ్మను హైదరాబాద్ పంపాం. క్యాన్సర్ కణాల్లోనే వైరస్ ఉందని, చుట్టూ ఉన్న తెల్లకణాల్లో కనబడలేదని జవాబొచ్చింది. ఎలాగూ కోసేదే కదా, ఈ పరీక్ష దేనికన్నారు సర్జన్. ఈ రకం మిగతావాటికంటే కాస్త నెమ్మదైనదని, రేపు జబ్బు తిరగబెడితే మందుల ఎంపికకు ఈ సంగతి పనికొస్తుందని చెప్పాను. ‘వైరస్ సంబంధిత కడుపు క్యాన్సర్’ అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను.

చెప్పిన రోజున సత్తిరాజు ఆపరేషన్‌కు రాలేదు. ఆ తర్వాత నాలుగో రోజు ఆయన భార్య వరలక్ష్మి ఆ కాగితం పట్టుకుని నేరుగా ల్యాబ్‌కే వచ్చింది.

“డాక్టరుగారండీ, ఇందులో వైరస్ అన్న మాట కొట్టేయండి. క్యాన్సర్ అని ఉంచినా పర్లేదండి.”

బంధువొకాయన రిపోర్టును పదిమందిలో చదివి వినిపించాడట. వారంలో రెండు పెళ్లిళ్లవాళ్లు వంటకు రావద్దన్నారు. సత్తిరాజు తన కంచం, గ్లాసు తీసుకుని వసారాలోకి మారిపోయాడు. ఎలాగూ పోయేవాణ్ణి, ఆసుపత్రికెళ్లి ఇంకొకరికి అంటించడం దేనికంటున్నాడు.

“కొట్టేయలేనమ్మా, ఉన్నదే రాశాను. రేపు ఆయన్ని తీసుకురండి. వంటవాళ్లలో పెద్దాయన్ని కూడా తీసుకురండి,” అన్నాను.

మర్నాడు ముగ్గురూ వచ్చారు. సత్తిరాజు రెండు మాస్కులు పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను లేచి వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

“ఈ వైరస్ దాదాపు అందరి ఒంట్లోనూ ఉంటుందండి. చాలామందికి చిన్నప్పుడే వచ్చి ఊరికే పడి ఉంటుంది. నాలోనూ ఉండే ఉంటుంది. మీ చేతి వంట తింటే ఎవరికీ క్యాన్సర్ రాదు.”

“మరి మీకు రాలేదేంటండి? నాకే వచ్చిందేంటండి?”

“తెలీదండి. ఇంతవరకూ ఎవరికీ సరిగ్గా తెలీదు.”

ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. రోగి ఎదురుగా కూర్చుని అడగడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఆయన మైక్రోస్కోపులోకి వంగాడు.

“ఇందులో క్యాన్సర్ ఏదండి?”

చూపించాను.

“ఇంతేనాండి?”

“తేలిగ్గా తీసుకోవద్దు. ఆపరేషన్ చేయించుకోండి.”

వెంట వచ్చిన పెద్ద వంటాయన వెంకన్న అప్పుడు నోరు విప్పాడు. “నువ్వు ఆపరేషనుకెళ్లరా సత్తీ. వచ్చేదాకా పొయ్యి దగ్గర నేనుంటా. ఆ పెళ్లివారితో కూడా నేనే మాట్లాడతా.”

మరుసటి వారమే కడుపులో చాలా భాగం తీసేశారు. అలా వచ్చినదాన్ని కోసి పరిశీలించడం మామూలుగా జూనియర్ల పని. ఈసారి నేనే చేశాను. కోసిన అంచుల్లో జబ్బు లేదు. పక్కనున్న ఒక గ్రంథిలోకి మాత్రం పాకింది. అందుకని తర్వాత కీమో కూడా ఇచ్చారు. సత్తిరాజు ఇప్పటికీ వంటలు చేస్తున్నాడు. ఒక్కసారి గుప్పెడుకంటే ఎక్కువ తినలేడు కాబట్టి రోజుకు ఆరుసార్లు తింటాడు. రావద్దన్న రెండు కుటుంబాల్లో ఒకటి మళ్లీ పిలవనే లేదు.

అప్పటినుంచి నా రిపోర్టులో ఏ క్రిమి పేరు రాసినా కింద తెలుగులో రెండు వాక్యాలు చేరుస్తూ వచ్చాను: ఇది అంటుతుందా లేదా, ఇంట్లోవాళ్లు ఏం చేయాలి అని. రిపోర్టు నమూనాలో అందుకు చోటు లేదని ఆఫీసువాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆ వాక్యాలు తీసేస్తే సంతకం పెట్టనన్నాను. నేను మానేసేదాకా అలాగే నడిచింది. రిపోర్టు చదివేది డాక్టర్లు మాత్రమే కాదు, రోగి ఇంట్లోవాళ్లు కూడా. వాళ్లకు అర్థమయ్యేలా రాయడం పాథాలజిస్టు పనిలో భాగమేనని ఉద్యోగం చివరి ఏళ్లలో నేర్చుకున్నాను.