ఇల్లు లేని గుమ్మం

మొన్న ఆదివారం మనవరాలు నన్ను కౌబాయ్ సినిమాకి లాక్కుపోయింది. కంప్యూటర్ గారడీలేవీ లేకుండా, నిజం గుర్రాలతో, నిజం దుమ్ముతో, అచ్చం పాత పద్ధతిలో అలాంటి సినిమాలు మళ్ళీ వస్తున్నాయట, కాలేజీ పిల్లలు కూడా ఎగబడి చూస్తున్నారట. ఇప్పుడు మేముంటున్న చికాగో పక్క షామ్‌బర్గ్‌లో మధ్యాహ్నం ఆట, కాళ్ళు చాపుకునే కుర్చీలు, ఒళ్ళో పాప్‌కార్న్. నా వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మన హీరోలు కూడా టోపీ పెట్టి, నడుముకి పిస్తోలు కట్టి, ఆంధ్రదేశంలో ఎక్కడా లేని ఎడారుల్లో గుర్రాలు పరిగెత్తించిన రోజుల్లో పెరిగినవాళ్ళం. మావారికైతే అది పిచ్చే. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, నేను కౌబాయ్ సినిమాలు చూస్తానా అని.

అందుకే ఆయన శాంటా క్లారాలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, తోటివాళ్ళందరూ సెలవులకి జలపాతాలు చూడ్డానికి పోతుంటే, మేము పులిహోర డబ్బా కారులో పెట్టుకుని అరిజోనా ఎడారికి పోయాం. సినిమాల కోసం కట్టి వదిలేసిన ఊరొకటి అక్కడుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. వీధి ఉంది, సారా కొట్టు ఉంది, జైలు ఉంది, మనిషన్నవాడు లేడు. అన్నీ ముందు గోడలే, వెనక కర్రలు ఆనించి నిలబెట్టినవి.

చివర ఒక ఇల్లుంది, నీలం రంగు వెలిసిన తలుపు, ముందు రెండు చెక్క మెట్లు. మావారు మెట్లెక్కి, అలవాటు చొప్పున, బొటనవేలికి ఉంగరమున్న తన తోలు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి అడుగు పెట్టారు. లోపలేముంది, మళ్ళీ ఎడారే. ఇల్లు లేని ఇంటికి చెప్పులు విడిచిన మనిషిని చూసి నవ్వాగలేదు గానీ, అప్పటికి నేనూ వంగి బూట్ల లేసులు విప్పుతూనే ఉన్నాను. అది మానేసి గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆ కర్రల మధ్య నిలబడి కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. తిరిగి గుమ్మం దాటి వస్తూ చూశాం, లోపలివైపు మొహం పెట్టి విడిచిన చెప్పులు వీధివైపు తిరిగి ఉన్నాయి. పక్కపక్కనే, పొందిగ్గా. ఇంటికొచ్చిన పెద్దలు బయల్దేరుతుంటే, వేసుకోడానికి వీలుగా మా పుట్టింట్లో తిప్పి పెట్టేవాళ్ళం, అలాగ. గాలి లేదు. దుమ్ములో మా అడుగులు తప్ప ఇంకొకరివి లేవు. ఎవరో మమ్మల్ని మర్యాదగానే వెళ్ళిపొమ్మంటున్నారనిపించింది నాకు. ఆయన చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే చెయ్యి పట్టి లాగేశాను. ఆ ఎండలో, కాలే ఇసకలో, ఒట్టి కాళ్ళతో గెంతుకుంటూ కారు దాకా వచ్చారు పాపం.

ఆ తర్వాత జీవితమంతా ఆయనకదొక వేళాకోళం. నాతో మాటామాటా వచ్చినప్పుడల్లా, "నా చెప్పులు అక్కడే ఉన్నాయి, ఎప్పటికైనా వెళ్ళి తెచ్చుకుంటాను" అనేవారు. నిరుడు పోయారు. గరాజ్ తలుపు దగ్గర ఆయన జోళ్ళు అలాగే ఉండిపోయాయి. డొనేట్ చేద్దామని అమ్మాయి అప్పట్నించీ బతిమాలుతున్నా నేను ఒప్పుకోలేదు. ఒట్టి కాళ్ళతో ఎక్కడ తిరుగుతున్నారో, వస్తే ఏం వేసుకుంటారో అన్న దిగులు నాది. పైకి చెబితే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారని ఊరుకున్నాను.

సినిమా సగంలో హీరో గుర్రం దిగి ఓ ఇంటి ముందు ఆగాడు. రెండు చెక్క మెట్లు, నీలం వెలిసిన తలుపు. నేను నోరు తెరవకముందే మనవరాలు నా చెవిలో, "అమ్మమ్మా, లుక్, ఎవరో చెప్పులు బయట వదిలేశారు, మన ఇంట్లో లాగా" అంది. వీధివైపు తిరిగి, పక్కపక్కనే, బొటనవేలి ఉంగరంతో సహా, మేము వదిలి వచ్చినవే. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కాల్చారో నాకు తెలీదు. చివర్లో హీరో ఊరు విడిచిపోతుంటే కెమెరా మళ్ళీ ఆ గుమ్మం మీద ఆగింది. చెప్పులు లేవు. మెట్టు నిండా దుమ్ము, అవి ఉన్నచోటు మాత్రం శుభ్రంగా ఉంది. మనవరాలు అదేదో ఎడిటింగ్ మిస్టేక్ అంది. నేను ఊఁ అన్నాను. భయంతో పాటు ఏడుపూ, ఏడుపుతో పాటు చాలా రోజుల తర్వాత కాస్త నిమ్మళమూ వచ్చాయి.

ఇంటికి రాగానే అమ్మాయిని పిలిచి ఆ జోళ్ళు తీసుకుపొమ్మన్నాను. ఇంత సడన్‌గా ఏమైందని అది కంగారుపడింది.

"మీ నాన్న చెప్పులు ఆయన తెచ్చుకున్నారులే" అన్నాను.

మన రోజుల్లో అలాంటి ఊళ్ళని వెతుక్కుంటూ మనమే పోయేవాళ్ళం, ఒళ్ళో మ్యాప్ పరుచుకుని, దారి తప్పుతూ, తప్పింది నువ్వంటే నువ్వని పోట్లాడుకుంటూ. ఇప్పుడా ఊళ్ళే గుర్రాలతో, టోపీలతో తిరిగి మన దగ్గరికి వస్తున్నాయి, పక్క సీట్లో కూర్చుని ఈల వేసే మనిషే లేడు. గరాజ్ తలుపు దగ్గర ఇప్పుడు నా చెప్పులొక్కటే ఉంటాయి. లోపలివైపు మొహం పెట్టి విడుస్తాను. పొద్దున్నే తలుపు తీసేముందు కాస్త దగ్గి మరీ తీస్తాను, అవతల ఎవరైనా ఉంటే వాళ్ళని కంగారు పెట్టడమెందుకని. ఇవాళ్టికింకా లోపలివైపే ఉన్నాయి. వీధివైపు తిరిగి కనిపించిన రోజున మాత్రం ఆనాటిలా పరిగెత్తను, నిదానంగా వాటిలో కాళ్ళు పెట్టి వెళ్తాను.